ఒకే మాటకు ఒకరు గంటలో తేరుకుంటారు, మరొకరు వారాలు కుములుతారు. ఎందుకు?

బాధ ఎంత గట్టిగా తగులుతుంది, ఎంతకాలం ఉంటుంది అనేవి రెండు వేరు ప్రశ్నలు. తీవ్రతను ఆ విషయం మనకెంత ముఖ్యమో అన్నదానితో పాటు ఆ పూట ఒంటి స్థితి కూడా నిర్ణయిస్తుంది. నిద్ర చాలని రోజున మెదడులో ముప్పును పసిగట్టే అమిగ్డాలా మరింత ఎక్కువగా స్పందిస్తుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చిన్న మాటకే కస్సుమనే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు (మా ఇంట్లో అది నేనే).

వ్యవధి మాత్రం చాలావరకు నెమరువేతను బట్టి ఉంటుంది. 1989లో కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. అందుకు రెండు వారాల ముందే స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మనఃస్థితి వివరాలను పరిశోధకులు సేకరించి ఉన్నారు, అనుకోకుండా కలిసొచ్చిన అవకాశం అది. "నాకే ఎందుకిలా" అని బాధను పదే పదే తలపోసే అలవాటు అంతకుముందే ఉన్నవారిలో, ఏడు వారాలు గడిచాక కూడా కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

భావాన్ని బట్టీ తేడా ఉంది. బెల్జియం హైస్కూలు విద్యార్థులపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, 27 భావోద్వేగాలలో విచారమే అన్నిటికన్నా ఎక్కువకాలం నిలిచింది. సిగ్గు, అసహ్యం త్వరగా చల్లారాయి. ఆప్తుల మరణం వంటి పెద్ద ఘటనలతో తరచూ ముడిపడి ఉండటం వల్ల విచారం అంత తొందరగా వదలదని పరిశోధకుల వివరణ.