ఇంజన్ దించే ముందు గాలి ఎటు పోతోందో విను

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే టెన్షన్ పడుతున్నావని తెలిసిపోయింది. రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం) స్టార్ట్ కావడం లేదు, సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే ముల్లు 60 పీఎస్‌ఐ దగ్గరే ఆగింది, కాబట్టి పిస్టన్ రింగులు పోయాయి, ఇంజన్ దించేస్తానన్నావు. ఈ ఉత్తరం చదివేదాకా స్పానర్ పట్టుకోకు నాన్నా.

ఆ 60ని నమ్మి ఏమీ తేల్చలేం. ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మీద కంప్రెషన్ రిలీజ్ అనే ఏర్పాటు ఉంటుంది. స్టార్టర్ మీద భారం తగ్గడానికి, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఒక వాల్వును కాస్త ఎత్తి కొంత గాలిని వదిలేస్తుంది. వేగం అందుకున్నాక తప్పుకుంటుంది. అంటే నువ్వు స్టార్టర్‌తో తిప్పుతూ గేజ్ చూసినంతసేపూ ఇంజనే కొంత గాలి వదులుతోంది. మంచి ఇంజన్ కూడా అంతే చూపించవచ్చు.

ముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండే గ్యాప్, చూడు. తాళం చెవి తీసెయ్యి, ప్లగ్ వైరు ఊడదీసి దూరంగా కట్టు. ఇంజన్ పూర్తిగా చల్లారాక వాల్వ్ కవర్ విప్పు. వాల్వును కదిలించే పుష్‌రాడ్ వంగిందా, దాని మీది రాకర్ వదులైందా అన్నది కంటికే కనబడుతుంది. తర్వాత ఫీలర్ గేజ్, అంటే సన్నని గ్యాప్ కొలిచే రేకులు. కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ పైకొచ్చాక ఇంకో 6 మిల్లీమీటర్లు కిందికి దిగేలా తిప్పి, అప్పుడు కొలువు. సరిగ్గా పైనే ఉంచి కొలిస్తే కంప్రెషన్ రిలీజ్ వాల్వును ఎత్తి ఉంచి తప్పు లెక్క చూపించవచ్చు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ సింగిల్ సిలిండర్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్లలో చాలావాటికి గ్యాప్ ఇన్‌టేక్ వాల్వుకు 3 నుంచి 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), ఎగ్జాస్ట్ వాల్వుకు 5 నుంచి 7 థౌ ఉంటుంది. నీ ఇంజన్ మాన్యువల్‌లో ఏముందో అదే పెట్టు. గ్యాప్ మరీ తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ నిజంగానే పోతుంది. గ్యాప్ పెరిగితే రిలీజ్ పనిచేయక స్టార్టర్ సగం తిరిగి మొరాయిస్తుంది. దాన్ని చూసి బ్యాటరీలు మార్చేవాళ్లు చాలామంది.

ట్యాపెట్లు సరిచేసినా మార్పు లేకపోతే, సిలిండర్‌లోకి గాలి ఎక్కించి లీకు చూపే లీక్‌డౌన్ టెస్టర్ తెచ్చుకో. నా మాట విని ఆ ఒక్క పనిముట్టుకు మాత్రం వెనకాడకు. కంప్రెషన్ గేజ్ ఎంత తగ్గిందో చెబుతుంది, ఇది ఎక్కడ పోతోందో చెబుతుంది. కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించాలి. గాలి తగలగానే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఒక్కసారిగా తిరగవచ్చు, బ్లేడు కూడా దానితో కదలవచ్చు. బ్లేడు క్లచ్ విడిపించి ఉంచు, క్రాంక్‌ను గట్టిగా పట్టి ఉంచు, బ్లేడు దగ్గరికి చెయ్యి పోనివ్వకు. మొదట తక్కువ ఒత్తిడితోనే మొదలుపెట్టు.

ఇక చెవి పెట్టి విను. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు. హెడ్ అంచు దగ్గర సబ్బు నీళ్లు పోసినప్పుడు బుడగలొస్తే, హెడ్ కింది సీలు, అంటే గ్యాస్కెట్. ఆయిల్ పోసే రంధ్రంలో ఎంతో కొంత గాలి రావడం మామూలే, జోరుగా వస్తేనే ఆలోచించాలి.

అక్కడే నేను ఒకసారి మోసపోయాను. ఆయిల్ రంధ్రంలో గాలి, సైలెన్సర్‌లో నీలం పొగ, బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) లోంచి ఆయిల్ చిమ్మడం, అన్నీ రింగుల మీదికే వేలు చూపించాయి. ఇంజన్ మొత్తం విప్పి రింగులు మార్చాను. మళ్లీ అదే పొగ. చివరికి చూస్తే హెడ్ గ్యాస్కెట్ సిలిండర్‌కూ పుష్‌రాడ్‌లు వెళ్లే గదికీ మధ్య కాలిపోయి ఉంది. ఆ చీలికలోంచి గాలి నేరుగా ఆయిల్ ఉండే కింది గది, క్రాంక్‌కేసులోకి పోతోంది. బయటికి బుడగలేమీ రావు, అందుకే పట్టుకోలేకపోయాను. హెడ్ విప్పినప్పుడే గ్యాస్కెట్ మీద ఆ నల్లటి చార కనబడింది కానీ, రింగుల ధ్యాసలో ఉండి పట్టించుకోలేదు. పాత గ్యాస్కెట్‌నే తిరిగి వేశాను. ఆ వారం రోజుల కష్టం నీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ గేజ్ చూడమని ఎవరైనా చెప్తే చెయ్యి, తప్పులేదు. అంకె బాగా పెరిగితే రింగులనుకోవచ్చు. కానీ నిలువు షాఫ్ట్ ఇంజన్‌లో సిలిండర్ అడ్డంగా పడుకుని ఉంటుంది, ఆయిల్ ఒక పక్కకే జారిపోతుంది. దాన్ని బట్టే తీర్పు ఇవ్వకు.

హెడ్ తీయాల్సి వస్తే గ్యాస్కెట్ రెండు వైపులా చూడు, హెడ్ వంగిందేమో వంకర లేని స్కేలు ఆనించి చూడు, ఎగ్జాస్ట్ వాల్వు సీటు కదిలిందేమో వేలితో తడుము. బోరులో, అంటే సిలిండర్ లోపలి గోడ మీద, గోరుకు తగిలే గీతలుంటే అప్పుడు రింగుల మాట మాట్లాడుకుందాం. కూలింగ్ ఫిన్లలో ఎండుగడ్డి ఇరుక్కుని ఉంటే ఊడ్చెయ్యి. వేడెక్కిపోయే ఇంజన్‌లో కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు.

ఆదివారం ట్యాపెట్లు కొలిచాక రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని నాకు ఫోన్ చెయ్యి. లీక్‌డౌన్ పెట్టే రోజు ముందుగా చెప్పు, నేను కూడా వస్తాను, క్రాంక్ పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

నీ మావయ్య