1903 వేసవిలో రవీంద్రనాథ ఠాగూరు అల్మోరాకు ఎందుకు వెళ్లారు?

విహారానికి కాదు, క్షయతో మంచం పట్టిన రెండో కూతురు రేణుకకు కొండగాలి మేలు చేస్తుందన్న ఆశతో వెళ్లారు. భార్య మృణాళినీ దేవి అంతకు కొద్ది నెలల ముందే, 1902 నవంబరులో, కన్నుమూశారు. రైలు కాఠ్‌గోదాం వరకే ఉండేది గనుక, ఆపైన రోగిని వెంటబెట్టుకొని కొండదారిన సాగవలసి వచ్చింది. అంతటి దిగులులోనూ ఆయన ‘శిశు’ సంపుటిలోని కవితలను చాలావరకు అక్కడే రాశారు. ఆ సంపుటిలోని ‘వీరపురుష’ అనే కవితలో ఒక పిల్లవాడు, పల్లకిలో ఉన్న తల్లి పక్కన ఎర్ర గుర్రమెక్కి సాగుతూ, దోపిడి దొంగల బారినుంచి ఆమెను కాపాడినట్టు ఊహించుకుంటాడు. కవి పిల్లలకు అప్పటికే తల్లి లేదని తెలిసి చదివితే గుండె బరువెక్కుతుంది. రేణుక కోలుకోలేదు, ఆ సెప్టెంబరులోనే కలకత్తాలో మరణించింది.