ఎరక్షన్ పనిలో చేరబోతున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

ఫిట్టర్‌గా ఐటీఐ పాసై, ఇనుప షెడ్లు నిలబెట్టే కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌గా చేరుతున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఎంత ఎత్తు ఎక్కాలో ఏమోనని టెన్షన్ పడుతున్నావట. ఎత్తు సంగతి తర్వాత చూద్దాం. మొదటి రెండు మూడు నెలలు నిన్ను పైకి ఎక్కనివ్వకపోవడమే మంచిది, ఎక్కించబోతే నువ్వే వద్దను. ఈ పనిలో సగం విద్య నేల మీదే ఉంది. గాజువాకలో నాతో పాటు చేరినవాళ్లలో, కింద ఉండడం నామోషీ అనుకుని తొందరగా పైకెక్కినవాళ్లు చాలామంది చివరిదాకా బోల్టులు బిగించేవాళ్లుగానే మిగిలిపోయారు.

ముందు డ్రాయింగ్ పట్టుకో. ప్రతి కాలమ్‌కీ (నిలువు స్తంభం), బీమ్‌కీ (అడ్డదూలం) ఒక మార్క్ ఉంటుంది. డ్రాయింగ్‌లో అడ్డగీతలకి అక్షరాలు, నిలువుగీతలకి అంకెలు ఉంటాయి. ఫలానా బీమ్ ఏ గీతకీ ఏ గీతకీ మధ్య కూర్చోవాలి, మార్క్ వేసిన కొస ఎటు రావాలి అన్నది సరుకు దిగినప్పుడే చూసుకోవాలి. కొస మారి పైకి వెళ్లిందా, గస్సెట్ ప్లేట్, అంటే ముక్కల్ని కలిపే అతుకు ప్లేటు, అవతలి వైపుకి వస్తుంది. మళ్లీ దించాలి. క్రేన్ అద్దె మాత్రం ఆగదు, ఫోర్‌మన్ నోరూ ఆగదు.

తర్వాత బరువు. పది మిల్లీమీటర్ల మందం ప్లేటు చదరపు మీటరుకి 78.5 కిలోలు. దీన్ని బట్టి ఏ మందానికైనా లెక్క కట్టొచ్చు. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ ఆకారపు బీమ్ మీటరుకి సుమారు 45 కిలోలు ఉంటుంది, అంటే 12 మీటర్ల ముక్క అర టన్ను దాటినట్టే. చూడగానే నోటికి రావాలి. ఎందుకంటే స్లింగ్, అంటే బరువు లేపే తాడు, వేసేది ఆ లెక్క మీదే. రెండు కాళ్ల స్లింగ్‌తో, అంటే కొక్కెం నుంచి రెండు పాయలుగా దిగే తాడుతో, టన్ను బరువు లేపుతున్నావనుకో. కాళ్లు నేలకి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కో కాలి మీద 580 కిలోల దాకా పడుతుంది. 30 డిగ్రీలకి వాలిపోయి ఉంటే ఒక్కో కాలి మీదా టన్ను! బరువు అదే, తాడూ అదే. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఒకసారి తాడు తెగి బీమ్ కింద పడ్డాక తెలిసింది. ఆ రోజు కింద మనిషి లేడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు నా ఎడమ చూపుడు వేలి కథ. చిన్నప్పుడు అడిగితే ఎలుక కొరికిందని చెప్పేవాణ్ణి, గుర్తుందా? నిజం ఇది. పనిలో చేరిన రెండో ఏడు. పన్నెండు మీటర్ల ఎత్తున బీమ్ రంధ్రమూ కాలమ్ రంధ్రమూ కలవడం లేదు. ఎంత తేడా ఉందోనని వేలు పెట్టి చూశాను. క్రేన్ వెంట్రుకవాసి కదిలింది. వేలి కొస పోయింది. తప్పు ఆపరేటర్‌ది కాదు, నాదే. రంధ్రాలు కలపడానికే కదా పాడ్జర్ స్పానర్‌కి సన్నటి తోక పెట్టింది! తోక దూర్చు, కలుపు, పక్క రంధ్రంలో బోల్టు వెయ్యి. వేలు మాత్రం పెట్టకు. రెండు కొసల్లోనూ కనీసం రెండేసి బోల్టులు బిగియకుండా క్రేన్ కొక్కెం విప్పమని సైగ చెయ్యకు, పక్కనవాడు ఎంత తొందరపెట్టినా సరే.

కాలమ్ నిటారుగా ఉందా అని చూసేది పొద్దున్నే, ఎండెక్కకముందు. మన విశాఖ ఎండకి ఒక పక్క వేడెక్కితే కాలమ్ వంగుతుంది. ముప్పై మీటర్ల ఇనుము ఇరవై డిగ్రీల వేడికి ఏడు మిల్లీమీటర్లు సాగుతుంది మరి. మధ్యాహ్నం చూసి సరిచేసింది మర్నాడు పొద్దున తప్పుగా కనబడుతుంది.

వెల్డింగ్ కూడా నేర్చుకో, కానీ అక్కడే కూర్చోబెట్టేస్తే ఒప్పుకోకు. ఫిట్టప్ (ముక్కలు జత కలపడం), రిగ్గింగ్ (తాళ్లు కట్టి బరువు లేపడం), లైన్ అండ్ లెవెల్ (వరుస, మట్టం సరిచూడడం), అన్నిట్లోనూ తిప్పమని అడుగు. అడగడం నీ హక్కు, అప్రెంటిస్ అంటే చవక హెల్పర్ కాదు. కాంట్రాక్ట్ రిజిస్టర్ అయిందో లేదో, స్టైపెండ్ ఎంతని రాశారో మొదటి వారమే చూసుకో. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా నీతో ఓవర్‌టైమ్ చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత యజమానిదే. అయితే చివర్లో ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. అందుకే ట్రేడ్ టెస్ట్ రాసి సర్టిఫికెట్ చేతికి తెచ్చుకో. గల్ఫ్‌కి వెళ్లాలన్నా అది అడుగుతారు.

పైకి ఎక్కే రోజు వచ్చాక, సేఫ్టీ బెల్టుకి రెండు కొక్కేలుంటాయి. ఒకటి తగిలించాకే రెండోది తియ్యి. నడుస్తున్నంతసేపూ అంతే. ఫోన్ కిందే వదిలెయ్యి.

నా పాడ్జర్ అమ్మ చేతికి ఇచ్చి పంపిస్తున్నాను. తోక కాస్త అరిగింది, ఇంకా పనికొస్తుంది. విశ్వకర్మ పూజకి కడిగి బొట్టు పెట్టడం మర్చిపోకు.

మీ మావయ్య