సైకిల్ టైరు పక్కగోడ చీలుతుంటే గాలి పెంచకు, కేసింగ్ మార్చు

తమ్ముడూ, రామతీర్థం కొండల దగ్గర మౌంటెన్ బైక్ ప్రాక్టీసులో వెనక టైరు పక్కగోడ రెండుసార్లు చీలింది, రేసుకి గాలి 40 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) కొట్టించనా అని అడిగావు. వద్దు. అంత గట్టి టైరు రాయి మీద ఎగిరిపడుతుంది, పట్టు పోతుంది, పక్క కోత మాత్రం ఆగదు. మార్చాల్సింది కేసింగ్, అంటే రబ్బరు కింద టైరుకి బలమిచ్చే గుడ్డ పొర. మాక్సిస్ కంపెనీ టైర్లలో అయితే వెనక డబుల్‌డౌన్ అనే మందపాటి కేసింగ్, ముందు దానికన్నా తేలికైన ఎక్సో ప్లస్, 2.4 అంగుళాల వెడల్పు, ట్యూబ్‌లెస్. ఎక్కేటప్పుడు బరువుకి తిట్టుకుంటావులే, అయినా దారిలో కూలబడటం కన్నా నయం.

70 కిలోల మనిషైతే ముందు 22, వెనక 26 పీఎస్ఐతో మొదలుపెట్టు. రిమ్ము రాయికి టంగుమని తగిలితే ఒక్కో పాయింటు పెంచు. ట్యూబ్‌లెస్ టైరులో చిన్న రంధ్రాలు పూడ్చడానికి పోసే ద్రవం, సీలెంట్, మన ఎండలకి త్వరగా ఆరిపోతుంది. వాల్వు కోర్ (వాల్వు లోపలి పిన్ను) తీసి, జిప్ టై (సన్నని ప్లాస్టిక్ పట్టీ) దించి తడి చూసుకో. పెద్ద చీలికకి సీలెంట్ కూడా పనిచేయదు కాబట్టి ఒక ట్యూబు, లోపల అడ్డం పెట్టడానికి పాత టైరు ముక్క బ్యాగులో ఉంచుకో.