వారం వారం చదివినది పంచుకునే అలవాటు నిలవాలంటే

ప్రతి ఆదివారం ఎవరెంత చదివారో చెప్పుకోవడానికి మిత్రులతో ఒక వాట్సాప్ బృందం పెట్టామని, కొన్నాళ్లకే అందరూ రాయడం మానేశారని, దాన్ని మళ్లీ ఎలా నడిపించాలని అడిగారు. హైదరాబాదులో ఇలాంటి బృందంలోనే చాలాకాలంగా ఉన్న అనుభవంతో చెబుతున్నాను: పేజీల లెక్క చెప్పుకున్నంత కాలం మాట కలవదు. "ఈ వారం 120 పేజీలు పూర్తయ్యాయి" అన్నవారితో "బాగుంది" అనడం తప్ప ఇంకేం మాట్లాడగలం? పైగా ఉద్యోగం వల్లనో ఇంటిపని వల్లనో పుస్తకం తెరవలేకపోయినవారు ఆ అంకెలు చూసి మొహమాటపడి, క్రమంగా తప్పుకుంటారు.

మేము లెక్కలు మానేసి, చదువుతూ ఎక్కడ ఆగి ఆలోచించారో చెప్పమని ఒకరినొకరం అడగడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' చదువుతున్న ఒక మిత్రురాలు, కూలి ధాన్యంగా ఇవ్వాలా డబ్బుగా ఇవ్వాలా అన్న తగవు దగ్గర ఆగిపోయానని, ధాన్యం ధర పెరిగిన కాలంలో చేతిలో పడే డబ్బు కూలీ కడుపు ఎంతవరకు నింపుతుందో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. ఆ నవల చదవనివారు కూడా ఆ ప్రశ్నకు స్పందించారు. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తమ చిన్నతనంలో కోతలయ్యాక కళ్లంలోనే కూలి గింజలు కొలిచి ఇచ్చిన తీరును వివరంగా చెప్పారు. 1922లో వెలువడిన ఆ నవలను అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని మరొకరు గుర్తుచేయడంతో, అందులో ఏముందో చూడాలని ఇంకొందరు పుస్తకం వెతుక్కున్నారు. ఒక నవల ఇలా చేతులు మారడం కంటే ఏ పాఠకుల బృందానికైనా కావలసిందేముంది? అయితే కథలో ముందున్నవారు ఎంతవరకు వచ్చారో మొదటి వాక్యంలోనే చెప్పాలి. వెనకున్నవారు ఆ సందేశాన్ని దాటవేసే వీలుంటుంది.

కొత్త పుస్తకాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. తెలుగు పుస్తకాలు చాలావరకు ఐదువందలో వెయ్యో ప్రతులే అచ్చవుతాయి. అవి అయిపోతే మలిముద్రణ వస్తుందన్న నమ్మకం లేదు. అందుచేత ముఖచిత్రం ఫొటో ఒక్కటే పెట్టి ఊరుకోకుండా, లోపల ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, "ప్రతులకు" అన్న శీర్షిక కింద దొరికే చోట్ల చిరునామాలు ఉండే పేజీని కూడా ఫొటో తీసి పెట్టమని కోరండి. కొనదలచినవారికి నిజంగా ఉపయోగపడేది ఆ పేజీయే. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకో, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లేవారు బయలుదేరే ముందు ఒక మాట చెబితే, దూరాన ఉన్నవారు తమకు కావలసినవి తెప్పించుకోగలుగుతారు. అమెరికాలో ఉంటున్న మా బృంద సభ్యులకు చాలా పుస్తకాలు ఈ విధంగానే చేరాయి.

ఒక విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండాలని కోరుతున్నాను. అంగడిలో దొరుకుతున్న పుస్తకాన్ని స్కాన్ చేసి బృందంలో పెట్టనివ్వకండి. మన రచయితలలో చాలామంది అచ్చు ఖర్చు తామే భరిస్తున్నారు. అమ్ముడుపోయే ప్రతి పుస్తకమూ వారి తరువాతి పుస్తకానికి పెట్టుబడి.

చదవలేక మధ్యలో వదిలేసిన పుస్తకాల గురించి కూడా రాయనివ్వండి. ఎక్కడ విసుగు పుట్టిందో, భాష కొరుకుడు పడలేదో, కథ ఎక్కడ సాగలేదో ఒకరు చెబితే, అదే పుస్తకాన్ని ఇష్టపడినవారు తప్పక జవాబిస్తారు. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు సాగిన చర్చలు అలా వచ్చినవే.