జవాబుకు ఒక చిలక్కొయ్య ఉండాలి

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. మార్కులకు లోటు లేదు, మాటకే కరువు. ఇంటికి చుట్టాలు వస్తే గదిలోకి వెళ్లిపోతుంది. ‘ఏం చదువుతున్నావమ్మా’ అని అడిగినా నేనే చెప్పాల్సి వస్తోంది. రేపు ఇంటర్వ్యూల్లో ఎలా నెగ్గుకొస్తుందోనని బెంగగా ఉంది. పద్దెనిమిది వేలు కట్టి స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించమంటారా?
– ఒక తల్లి

జవాబు: ఆ పద్దెనిమిది వేలు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచండి. ఇంగ్లీషు అవసరమే, కాదనను. కానీ తెలుగులో రెండో మాట తోచని పిల్లకు ఇంగ్లీషులో మాత్రం ఎక్కడి నుంచి తోస్తుంది?

ఈమధ్య నా దగ్గర నమూనా ఇంటర్వ్యూకు కూర్చున్న ఒక అమ్మాయిని ‘మీది ఏ ఊరు?’ అని అడిగాను. ‘చిత్తూరు సార్’ అంది. అంతే. ఆ తర్వాత గదిలో ఫ్యాను చప్పుడే. జవాబులో తప్పు లేదు, నేను పట్టుకోవడానికీ ఏమీ లేదు. పాత ఇళ్లలో గోడకు చిలక్కొయ్య ఉండేది, వచ్చినవాళ్లు కండువా తగిలించుకోవడానికి. జవాబుకూ అలాంటిది ఒకటి కావాలి. కాస్త కదిలిస్తే అదే అమ్మాయి, ‘మాకు పాలు పోసే ఆయనది తమిళం, పక్కింటివాళ్లది కన్నడం. మూడు భాషల్లోనూ పోట్లాడగలను సార్’ అంది. ఇక నేను ఊరుకుంటానా? పావుగంట మాట్లాడుకున్నాం. ఆ మాట మొదటే ఎందుకు చెప్పలేదంటే, ‘అది ఇంటర్వ్యూలో చెప్పే విషయం అనుకోలేదు’ అంది. చాలామంది పిల్లల ఇబ్బంది ఇదే. తమ దగ్గర ఉన్న సరుకు సరుకే కాదనుకుంటారు.

రెండోది అడగడం. తిరుపతి నుంచి చిత్తూరుకు దాదాపు 70 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది, ‘ఎక్కడికి అవ్వా?’ అంటే ‘పాకాల దగ్గర మా తోట ఉంది’ అంది. ‘ఓహో’ అని ఫోను తీస్తే మాట అక్కడే చచ్చిపోతుంది. ‘ఏం తోట అవ్వా?’ అంటే మామిడి వస్తుంది. ‘కాయలు ఎక్కడ అమ్ముతారు?’ అంటే దామలచెరువు మార్కెట్టు వస్తుంది, తోతాపురి ధర వస్తుంది, గుజ్జు ఫ్యాక్టరీల మీద కోపం కూడా వస్తుంది. మన వైపు మామిడి రైతును ఆ మాట కదిపితే మీ స్టాపు వచ్చినా ఆగరు. రెండో ప్రశ్న ఎదుటివారి మాటలోంచే పుట్టాలి, ముందే వల్లె వేసుకున్నది కాకూడదు. గ్రూప్ డిస్కషన్లో ముందు మాట్లాడినవారి పాయింటును అందుకుని ముందుకు తీసుకెళ్లడం, ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు నోరు పెగలడం, అన్నీ ఈ అలవాటు మీదే ఆధారపడి ఉంటాయి. ఆడపిల్ల కాబట్టి పక్క సీటులో ఆడవాళ్లే ఉన్నప్పుడు మాట్లాడమనండి. ఫోను నంబరు, హాస్టలు వివరాలు ఎవరికీ చెప్పనక్కరలేదు.

సెలవుల్లో వీలైతే తిరుమలలో భక్తులకు స్వచ్ఛందంగా సాయపడే ఏడు రోజుల శ్రీవారి సేవకు పేరు నమోదు చేయించండి. దారి అడిగేవారికి తమిళంలోనో హిందీలోనో చెప్పాల్సి వచ్చినప్పుడు సిగ్గుపడే తీరిక ఉండదు.

ఇక మీ విషయం. ‘నేనే చెప్పాల్సి వస్తోంది’ అని రాశారు. చెప్పాల్సి వస్తోందా, చెప్పేస్తున్నారా? అమ్మాయి మాట కూడదీసుకునేలోపే మీరు అందుకుంటున్నారేమో చూసుకోండి. పైగా ‘మాది అసలు మాట్లాడదండీ’ అని ఆమె ముందే అంటుంటే, పాపం, ఆ పేరు నిలబెట్టక ఏం చేస్తుంది? మన చుట్టాల ప్రశ్నలూ అలాగే ఉంటాయి లెండి: మార్కులెన్ని, పెళ్లెప్పుడు. నన్నడిగినా గదిలోకే పోతాను.

ఈసారి అమ్మాయి ఊరికి వచ్చినప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే, కాఫీ పెడతానని మీరు వంటింట్లోకి వెళ్లండి. డికాషన్ దిగినా సరే, పది నిమిషాల దాకా బయటికి రాకండి.