అడ్రస్ ఒకటే, విలువ వేరే ఎందుకు?

ప్రశ్న: అన్నా, సీ ప్రోగ్రాంలో ఫోర్క్ చేసి (నడిచే ప్రోగ్రాం, అంటే పేరెంట్, తనలాంటి ఇంకో ప్రాసెస్‌ని, అంటే చైల్డ్‌ని పుట్టించడం) చైల్డ్‌లో కౌంట్‌ని 5 చేసినా పేరెంట్‌లో ఇంకా 0 నే చూపిస్తాంది. అడ్రస్ ప్రింట్ చేస్తే రెండిట్లో ఒకటే వస్తాంది, ఎందుకిట్లా?
– బీటెక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: నీకు కనపడేది వర్చువల్ అడ్రస్ (ప్రతి ప్రాసెస్‌కీ విడిగా ఉండే సొంత లెక్క) తమ్ముడూ, చైల్డ్ రాసినాక దాని ఎనకాల ర్యామ్‌లో చోటు వేరు. ఫోర్క్ అయిన వెంటనే రెండూ ఒకే పేజీని (మెమరీలో ఒక ముక్క) వాడుకుంటాయి, కానీ ఏదో ఒకటి రాయబోయిందంటే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం అసలు భాగం, ఆ పేజీకి (మామూలుగా 4096 బైట్లు) కాపీ తీసి దానికిస్తుంది, నీ 5 ఆ కాపీలో పడింది. నిజంగా పంచుకోవాలంటే ఎస్‌హెచ్‌ఎం ఓపెన్‌తో షేర్డ్ మెమరీ (రెండు ప్రాసెస్‌లూ వాడే చోటు) తెరిచి, ఎఫ్‌ట్రంకేట్‌తో సైజు ఇచ్చి, ఎంమ్యాప్‌లో మ్యాప్ షేర్డ్ పెట్టు. సైజు ఇయ్యడం చాలామంది మర్చిపోతారు, కొత్తదాని సైజు సున్నా కదా, ముట్టుకోగానే బస్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం పడిపోతాది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోటుంది. రెండు ప్రాసెస్‌లూ ఒకేసారి కౌంట్ పెంచితే, రెండూ 5 చదివి రెండూ 6 రాసేయొచ్చు, 7 రాదు, కెర్నల్ అడ్డం రాదు. సెమాఫోర్ (ఒకరి తర్వాత ఒకరే పోయేటట్టు చూసే తాళం లాంటిది) వాడు, దాన్ని కూడా ఆ షేర్డ్ మెమరీలోనే పెట్టి సెమ్ ఇనిట్ రెండో ఆర్గ్యుమెంట్ 1 ఇయ్యి. పనైనాక ఎస్‌హెచ్‌ఎం అన్‌లింక్ చెయ్, లేకుంటే లైనక్స్‌లో సిస్టం ఆపేదాకా అది అట్లే పడుంటాది.